పడమటి గాలి కట్టుబాటు

కంచె అవతల మళ్లీ దెబ్బ పడింది. ఆ వెంటనే పక్కింటి రాణి కేక.

"మావా! అసిరయ్య మావా! సంపేస్తన్నాడు!"

ఊరి పెద్ద అసిరయ్య తల వంచుకుని వల బాగుచేసుకుంటూనే ఉన్నాడు. భార్య జగ్గమ్మకు ఒళ్లు మండింది.

"సెవుడొచ్చినాదేటి నీకు? ఎల్లి ఆపవా? మొన్న దాని సెయ్యి ఇరగ్గొట్టినాడు. ఈపాలి పేనం తీసేస్తాడు."

"మొగుడూ పెళ్లాల మద్దిన మనకేటి పని? అయినా మోకాళ్లు నొప్పి, లేవలేను."

మోకాళ్లు బాగానే ఉన్నాయి. మొగుడు పెళ్లాన్ని కొడితే అడ్డం పడాలని ఊరి కట్టుబాట్లలో లేదు, అంతే. కాసేపటికి రాణి కేకలు ఆగిపోయాయి. అసిరయ్య హమ్మయ్య అనుకున్నాడు. లోపల మాత్రం సిగ్గుగానే ఉంది.

ఊళ్లో గట్టి కట్టుబాటు ఉన్నదల్లా నిప్పు గురించే. శ్రీకూర్మం దిగువన సముద్రపు ఒడ్డునున్న ఆ పల్లెలో ఇప్పటికీ సగం తాటాకు ఇళ్లే. వేసవిలో పడమటి గాలి లేచిందంటే పొయ్యిలో తప్ప పెరట్లో నిప్పు కనబడకూడదు. సరదాగా చేపలు కాల్చుకోవడాలు, మంట చుట్టూ చేరి తాగడాలు బంద్. తప్పినవాడిని తన్ని, వానలు పడేదాకా ఊళ్లోంచి వెళ్లగొడతారు. నిరుడు రాణి మొగుడు ధర్మేంద్ర వేసిన మంటకే లక్ష్ముడి ఇల్లు బూడిదైంది. మొదటి తప్పని అప్పటికి వదిలేశారు.

"పొగ!" అని అరిచింది జగ్గమ్మ.

ధర్మేంద్ర పెరట్లోంచే, అదీ పడమటి గాలి వీస్తుండగా. అసిరయ్య ఒక్క గెంతులో కంచె దాటాడు. మోకాళ్ల నొప్పి ఏమైందో దేవుడికే తెలియాలి. ఊరిని పిలిచే రేకు డబ్బా మోగింది. ఆడవాళ్లు బిందెలతో, మగవాళ్లు తెడ్లతో ఊరంతా వచ్చి పడింది.

కొబ్బరి మట్టల మంట దగ్గర ధర్మేంద్ర తూలుతూ కూర్చున్నాడు. ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో పుల్లకు గుచ్చిన చేపలు.

"నాను ఎట్టలేదురా! సీసా కోసం లోపలికెల్లి వచ్చేసరికి మండతన్నాది. ఉన్నాది గదాని సేపలెట్టినాను!"

"ఇంకా అబద్దాలేట్రా!"

లక్ష్ముడి తెడ్డు మూతి మీద పడింది. రెండు పళ్లు ఇసకలో రాలాయి. ఆపైన ఎవరి తెడ్డు ఎక్కడ తగిలిందో లెక్కలేదు. అసిరయ్య వాడి జుట్టు పట్టి ఈడ్చి డొక్కలో తన్నాడు. ఇందాకటి సిగ్గంతా ఆ కాల్లోకి దిగింది. నెత్తురు కక్కుతూ ధర్మేంద్ర అందరి కాళ్లూ పట్టుకున్నాడు. ఎవరూ వినలేదు.

"వాన పడక ముందు ఊళ్లో కనబడ్డావో, నీ కాళ్లుండవు!" అని పొలిమేర దాటించి వచ్చారు.

ఆరిన మంట పక్కన రాణి ఒక్కతే నిలబడి ఉంది. పెదవి చీలి, ఒక కన్ను వాచి మూసుకుపోయింది. ఆ మొహంలోకి చూడలేక అసిరయ్య బూడిదను చూస్తూ అడిగాడు.

"గాలేళ ఆడు మంటెడతంటే ఒక్క కేకెయ్యలేకపోనావా ఓలమ్మా?"

"కేకేస్తే మీరు రారని, నానే ఎట్టినాను మావా."