రెండు మిల్లీమీటర్లు

“పెద్దమ్మా, ఆ నారి పారేస్తున్నావేంటి? ముందు కొలవాలి కదా!”

నారిని ఉండచుట్టి పట్టుకున్న విల్లక్క చెయ్యి చెత్తబుట్ట మీదే ఆగిపోయింది.

“పాతదే. పద్దెనిమిదేళ్ళ నాటిది. లాగితే తెగి మొహం పగలగొడుతుంది.”

“నేనేం లాగను. విల్లుకి తొడిగి కొలుస్తానంతే. పాత కొలత రాసుకోకుండా కొత్త నారి కట్టకూడదని చెప్పింది నువ్వే కదా?”

చెప్పింది, నిజమే. ఎవరు చెప్పమన్నారు తనని! మైదానం పక్కన ఈ రేకుల గదిలో విల్లులు బాగుచేస్తూ చేస్తూ అందరికీ విల్లక్క అయిపోయింది. ఎవరికీ చెప్పని కిటుకులన్నీ చెల్లెలి కూతురికి కూర్చోబెట్టి నేర్పింది. పదిహేనేళ్ళ ఆ పిడుగు ఒక్క ముక్క కూడా మర్చిపోలేదు.

చెల్లెలు కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని బాణాలు ఒక్కొక్కటే తుడుస్తోంది. టికెట్ కౌంటర్లో డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, యూనిఫాం కూడా మార్చుకోలేదు. ఆ విల్లు ఒకప్పుడు ఆమెదే. సెలెక్షన్ పోటీ అయిన సాయంత్రం సంచి జిప్పు మూసి మంచం కిందికి తోసేసింది. కూతురి పోరు పడలేక ఇవాళ బయటికి తెచ్చింది. తుప్పు పట్టిన జిప్పుని పట్టకారుతో లాగితే గానీ రాలేదు.

పిడుగు సంచి జేబులో చెయ్యి పెట్టి ఒక గుడ్డముక్క లాగింది. “అమ్మా, నీ నంబరు! వీపుకి కుట్టిన పచ్చదారం ఇంకా వేలాడుతోంది చూడు.”

“ఏదీ? అబ్బో, రంగు కూడా పోలేదే!”

“అవునూ, నువ్వంత బాగా వేసేదానివి, సెలెక్షన్లో ఎందుకు పోయావు?”

“ఆ రోజు బాలేదులే.”

“మా కోచ్ అలా చెప్పలేదు. బాణాలన్నీ టార్గెట్ మీద కింద నీలం వలయంలో ఒకే చోట గుచ్చుకున్నాయట. అరచేత్తో కప్పేయొచ్చట. గురిచూసే సైటు దించితే బాణం పైకొస్తుంది, దించు, దించు అని ఆయన గొంతు చించుకుంటే నువ్వు చెయ్యైనా వెయ్యలేదట!”

“ఆయనకి నోరెక్కువ. నీ పని చూసుకో.”

గుమ్మడికాయ దొంగ అని ఎవరూ అనకముందే విల్లక్క భుజాలు తడుముకుంది. నారి చేతిలోంచి జారితే పిడుగు అందుకుని విల్లుకి తొడగడం మొదలుపెట్టింది.

అమ్మానాన్నలు పోయాక రెండు గదుల ఇంట్లో అక్కాచెల్లెళ్ళిద్దరే. సెలెక్ట్ అయితే నాలుగేళ్ళు ఎక్కడో దూరాన శిక్షణ కేంద్రంలో ఉండాలి. “వెళ్ళవే తల్లీ, నాకేంటి? గోడలతో కబుర్లు చెప్పుకుంటాను” అని అక్క వారం రోజులూ నవ్వుతూనే అంది. పోటీ రోజు పొద్దున చెల్లెలు స్నానానికి వెళ్ళగానే విల్లు బయటికి తీసింది. బాణం ఎక్కడ తగిలించాలో గుర్తుగా నారికి చుట్టిన తెల్లదారం ముడిని రెండు మిల్లీమీటర్లు పైకి జరిపి కట్టింది. ముడి పైకి పోతే బాణం కిందికి పోతుంది. వారం రోజులు విల్లు పట్టిన పిల్లలకి కూడా తెలిసిన సంగతే అది.

తరవాత కంచె వెనక నిలబడి చూసింది. చెల్లెలు ఎప్పటిలాగే లాగింది. గడ్డం కింద చెయ్యి ఆనిన చోటు మారలేదు, వేళ్ళలోంచి నారి జారిన చప్పుడూ మారలేదు. బాణాలు మాత్రం నడిమి పసుపు వదిలేసి కింద నీలంలో పడ్డాయి. కోచ్ అరుస్తున్నా అక్క నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక చెల్లెలు, “పోనీలే అక్కా, అన్నం పెట్టు” అంది. మళ్ళీ విల్లు ముట్టలేదు. పక్క వీధి అబ్బాయిని చేసుకుని ఇక్కడే ఉండిపోయింది. ఎవరి నారికి ముడి కట్టినా విల్లక్కకి ఆ పొద్దుటి ముడే గుర్తొచ్చి తన మీద తనకే అసహ్యం వేసేది.

“కొలబద్ద ఏది పెద్దమ్మా?”

“బయట... అలమారులో చూడు.”

పిడుగు వెళ్ళింది. విల్లక్క చెల్లెలి ముందుకొచ్చి నిలబడింది.

“ఇలా చూడవే. అది కొలిస్తే రెండు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. జరిపింది నేనే, ఆ పొద్దున. వెళ్ళిపోతావని భయమేసింది. నీ నోటికాడి కూడు లాగేశానే! ఎన్నిసార్లో చెబుదామనుకున్నాను, నోరు రాలేదు.”

చెల్లెలు బాణం తుడవడం ఆపలేదు.

“కొలబద్ద నీ జేబులోనే ఉందక్కా. దానికిచ్చెయ్.”

“తిట్టవే నన్ను. రెండు చెంపలూ వాయించు.”

“ఇచ్చెయ్యక్కా. కొలవనీ.”

పిడుగు రుసరుసలాడుతూ వచ్చింది. “అలమారంతా వెతికాను పెద్దమ్మా!” విల్లక్క జేబులోంచి కొలబద్ద తీసిచ్చి కళ్ళు మూసుకుంది.

“ఎంతుంది?” అంది చెల్లెలు.

“ఎంతుండాలో అంతే ఉంది. వెంట్రుకవాసి కూడా తేడా లేదు. కానీ పెద్దమ్మా, నువ్వెప్పుడూ తెల్లదారమే కదా వాడతావు? ఇది పచ్చదారం.”

విల్లక్క కళ్ళు తెరిచి విల్లు లాక్కుంది. పచ్చదారమే. హడావుడిగా వేసిన వంకర ముడి, తన చేతి ముడి కానే కాదు.

“ఎప్పుడు కట్టావే ఇది?”

“పోటీకి ముందే, వార్మప్‌లో. మొదటి బాణానికే తెలిసిపోయింది నువ్వేం చేశావో.”

“మరి... ఆ నీలంలో పడ్డవి?”

చెల్లెలు తుడిచిన బాణాన్ని మిగతావాటి పక్కన పెట్టింది.

“నేను గురిపెట్టిన చోటే తగిలాయక్కా.”