ఎర్ర పూల బొంత

పిల్లను చూడడానికి వచ్చిందో, సంతలో ఎద్దును బేరం చేయడానికి వచ్చిందో పెళ్ళికొడుకు తల్లి నిడుగల్లు రామాంజినమ్మకే తెలియాలి.

ముందు గంగాదేవిని అటూ ఇటూ నడిపించింది. జడ లాగి చూసింది. పళ్ళు చూసింది. వెలుగులోకి తిప్పి, రెండు కళ్ళ రెప్పలూ ఎత్తి మరీ చూసింది. అదీ చాలక సూదిలో దారం ఎక్కించమంది.

"మావోడు అమల్దారు కచేరీలో గుమాస్తా. పిల్లలో ఏ వంక ఉన్నా మాకొద్దు. ముందే చెప్తాండా!" అంది.

కచేరీ అన్న మాటకే పిల్ల తండ్రి నరసప్ప కరిగిపోయాడు. పొద్దు వాలేలోగా తాంబూలాలు మార్చేసుకోవాలని ఆయన తొందర.

గుమాస్తా తిప్పేస్వామి తలకు సరిగ పేటా చుట్టుకుని, ముఖం ఓ పక్కకు తిప్పి, మహారాజావారికి తమ్ముడిలా కూర్చున్నాడు. గంగాదేవి మజ్జిగ లోటా అందిస్తే, జానెడు ఇవతల గాలిని పట్టుకున్నాడు. మజ్జిగంతా పంచె మీద పడింది.

"పిల్లను చూసి మతి పోయినాదప్పా!" అని అందరూ నవ్వారు. ఈ మనిషితోనా బతుకంతా అని గంగాదేవికి ఏడుపొచ్చింది.

ఇక పనితనం చూపించాలి కదా. ముదురు నీలం చీర మీద ఎర్రగుడ్డ పూలు కుట్టిన బొంతను తెచ్చి ఎండలో పరిచింది. పూలు నీలం మీంచి బెత్తెడు పైకి లేచినట్టున్నాయి. లోపల దూది కుక్కి మోసం చేశారేమోనని రామాంజినమ్మ వేలితో పొడిచి చూసింది. ఉత్త గుడ్డే తగిలింది.

"యాడ లేచినాయి? అంతా సాపుగానే ఉండాది కదా" అంది నరసప్ప తల్లి నల్లమ్మ.

"నీకేం తెలుస్తాది లేమ్మా! చిన్నప్పుడు అమ్మవారు పోసి ఒక కన్ను పాయె. ఒక కన్ను మూస్తే మాకూ పూలు అణిగిపోతాయి" అని నరసప్ప విసుక్కున్నాడు.

తిప్పేస్వామి ఎంత మర్యాదస్తుడు! బొంతను తేరిపార చూసి, "అవ్వ చెప్పిందే నిజం. నాకూ సాపుగానే కనపడతాండాది" అన్నాడు.

రామాంజినమ్మకు ఎందుకో వక్క గొంతుకు అడ్డం పడింది. ముసలామె మాట నిలబెట్టిన అల్లుడు దొరికాడని నరసప్ప మురిసిపోయి, తాంబూలం పళ్ళెం తెమ్మన్నాడు.

నల్లమ్మ లేచి, బొంత మడిచి చంకలో పెట్టుకుని, "పళ్ళెం లోపల పెట్టించురా నరసప్పా, ఈ ఇంటికి ఒంటికన్ను మనిషిని నేనొక్కదాన్ని చాలు" అంది.