ప్లగ్గు పీకిన తర్వాత

అది 1979. డీఎన్ఏ ముక్కల పొడవు కొలిచే విదేశీ ద్రావణం సీసాలో అడుగంటింది. అందుకే పటాన్‌చెరు ల్యాబులో ఎలిజబెత్ మేడమ్, టెక్నీషియన్ సొలొమోను చవగ్గా తామే ఒకటి తయారుచేశారు. ఆ రాత్రి రెండింటినీ జెల్లు పలకలో పక్కపక్కనే పోసి కరెంటు పెట్టారు. కరెంటు తోసేకొద్దీ రెండు నీలి గీతలూ సమానంగా కదిలాయి. మేడమ్ నవ్వింది.

అంతలో కరెంటు పోయింది. తిరిగొచ్చేటప్పుడు జెల్లుకు కరెంటిచ్చే పెట్టె కాలిపోతుందని సొలొమోను ఎప్పటిలాగే ప్లగ్గు పీకి, లాంతరు వెలిగించాడు.

విదేశీ గీత ఆగినచోటే ఉంది. తమ గీత మాత్రం ముందుకు జరిగింది. స్కేలు పెట్టి చూస్తుండగానే ఇంకో గోరంత జరిగింది. తోసేది లేకుండా నడిచే కొలతతో రేపు దేన్ని కొలవాలి?

జెల్లు పలక మునిగి ఉన్న తొట్టిలో, కరెంటు తీగ చుట్టూ సన్నటి బుడగలు చిటపటమంటున్నాయి. కరెంటు పారుతుంటేనే వినబడే చప్పుడది.

"సొలొమోనూ, ప్లగ్గు పీకినవా?"

"పీకిన మేడమ్. ఇగో, నా చేతులనే ఉన్నది."

"మరి గా బుడగలేంది?"

 సొలొమోను గుప్పిట్లో ప్లగ్గు మెల్లగా వేడెక్కుతోంది.