శని దగ్గరి నౌకకు లైఫ్ సర్టిఫికెట్

ప్రభుత్వ సొమ్ముతో తిరిగే ప్రతి అంతరిక్ష నౌకా పింఛనుదార్లలాగే ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకోవాలని రూలొచ్చింది. శనిగ్రహం దగ్గరున్న నౌకను పద్దెనిమిదేళ్లుగా కనిపెట్టుకునున్న హైమవతికి ఈసారి చిక్కొచ్చిపడింది. సరిగ్గా గడువు రోజుల్లోనే నౌక సూర్యుడి చాటుకెళ్లి పలక్కుండా పోయింది.

డిసెంబరులో సంకేతం అందింది. "క్షేమంగా ఉన్నాను. తర్వాత ఎటు వెళ్లాలి?"

హైమవతి సూపరింటెండెంటు గదికి పరుగెత్తింది. "బతికే ఉందండీ. జవాబివ్వడానికి యాంటెన్నా ఒక్క పది నిమిషాలిప్పించండి."

"చనిపోయినట్టు నిన్ననే ఆర్డరు వేశామమ్మా," అన్నాడాయన.

"సూర్యుడు అడ్డొస్తాడని జూన్‌లోనే రాశాను కదండీ."

"రాశారు. రుజువు జతపరచలేదు. ఇక రూలు ప్రకారం అదే స్వయంగా ఆఫీసుకొచ్చి కనబడాలి."

హైమవతికి ఒళ్లు మండింది.

"రమ్మని చెప్పడానికైనా యాంటెన్నా కావాలి కదండీ," అంది.