లోపలి గడియ

కోడలు మళ్ళీ బెల్లు నొక్కింది. లోపల బెల్లు మోగడం ఆమెకు స్పష్టంగా వినిపిస్తోంది. దాంతోపాటు పాప ఏడుపు కూడా.

“మామయ్యా! తలుపు తీయండి!”

తాళంచెవి ఆమె చేతిలోనే ఉంది. తాళం తిరిగింది కూడా. కానీ లోపల గడియ పెట్టి ఉంది. భుజంతో నెట్టినా తలుపు వెంట్రుకవాసి కదల్లేదు. ఆఫీసు బ్యాగు గుమ్మంలోనే పడేసి వరండా కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

అద్దంలోంచి హాలంతా కనిపిస్తోంది. మామగారు కిటికీకి వీపు పెట్టి సోఫాలో దర్జాగా కూర్చున్నారు. చెవులకు ఆ నల్లటి హెడ్‌ఫోన్లు. టీవీలో ఇద్దరు వస్తాదులు కుస్తీ పడుతున్నారు. వాళ్ళు ఎటు ఒరిగితే ఈయన అటు ఒరుగుతున్నారు. పాప ఉన్న గది పక్కనే. దాని తలుపు బార్లా తెరిచే ఉంది.

మామూలు ఏడుపైతే ఆమె ఇంత కంగారుపడేది కాదు. పాపకు గుక్కపట్టే అలవాటుంది. ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబడుతుంది, పెదాలు నీలంగా మారిపోతాయి. వెంటనే ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. కిందటి నెల అలాగే స్పృహ తప్పితే ఇంటిల్లిపాదీ ఆసుపత్రికి పరుగెత్తారు. అందరికంటే ముందు పరుగెత్తింది ఈ మామగారే.

అద్దం మీద దబదబా బాదింది. ఆయన కదల్లేదు. ఫోను చేసింది. ఆయన మోకాలి పక్కనే ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఆయన మాత్రం వస్తాదు పట్టు చూసి తొడ చరిచారు.

ఆమెకు ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువ ఒళ్ళు మండింది. ఆ మంటతోనే భర్తకు ఫోను చేసింది.

“ఏమైంది? అలా రొప్పుతున్నావేం?”

“మీ నాన్నగారు లోపల గడియ పెట్టుకుని కూర్చున్నారు. పాప ఏడుస్తోంది. ఎంత పిలిచినా ఉలకరు, పలకరు. ఆ దిక్కుమాలిన హెడ్‌ఫోన్లు ఎవరు కొనమన్నారు మిమ్మల్ని?”

“నువ్వే! టీవీ మోతకి పాప లేచిపోతోంది, ఇంటికప్పు కూడా లేచిపోతోందని నువ్వే కదా...”

“వైర్‌లెస్సు, సరౌండ్ సౌండు, నాలుగు పక్కల నుంచీ వినిపిస్తుందని తెగ గొప్పలు చెప్పారుగా! మరి ఐదో పక్క నుంచి పిల్ల ఏడుస్తుంటే వినిపించదేం?”

“బయల్దేరుతున్నా. ఈ ట్రాఫిక్కులో ఎంత లేదన్నా గంట...”

“గంటా!” అని ఆమె ఫోను పెట్టేసింది.

లోపల ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

ఆమె కిటికీ చువ్వలు పట్టుకుని చెవి ఒగ్గింది. చప్పుడు లేదు. గుక్కపట్టింది. “ఊపిరి తీసుకో తల్లీ... తీసుకో... తీసుకో...” అని గొణుక్కుంది. కీచుమని ఒక్క అరుపు వినిపించింది, ఆ వెనకే మళ్ళీ ఏడుపు. ఈసారికి ఊపిరి వచ్చింది. మళ్ళీ గుక్కపడితే రాకపోవచ్చు.

ఈ గోలకి పైవాటా ఆవిడ సబ్బు నురగ చేతులతోనే దిగి వచ్చింది. “ఏమిటమ్మాయ్, పిల్లని అలా ఏడిపిస్తున్నారు? మా వంటింటిదాకా వినిపిస్తోంది.”

“చూడండి పిన్నిగారూ, ఎలా కూర్చున్నారో!”

ఆవిడ తొంగి చూసి బుగ్గలు నొక్కుకుంది. “అయ్యో రాత! అద్దం పగలగొట్టెయ్.”

“పగలగొట్టినా చువ్వలు అడ్డంగా ఉన్నాయిగా. గడియదాకా చెయ్యెలా అందుతుంది?”

“వడ్రంగిని పిలిపిస్తే?”

“అతను వచ్చేదాకా పిల్ల ఆగుతుందా?”

కోడలి చూపు మెట్ల కింద మీటర్ల మీద పడింది. కరెంటు పోతే టీవీ పోతుంది. టీవీ పోతే ఆ చెవుల్లో మోతా పోతుంది. ఆమె ఒక్క ఉరుకున వెళ్ళి తమ వాటా స్విచ్చి కిందికి లాగేసింది.

తిరిగి వచ్చేసరికి టీవీ నల్లబడి ఉంది. మామగారు రిమోటు నొక్కి చూశారు. తలెత్తి ఫ్యాను వంక చూశారు. విసుగ్గా హెడ్‌ఫోన్లు తీసి సోఫాలో పడేసి లేచారు. అప్పుడే కిటికీలో కోడలి ముఖం చూసి ఉలిక్కిపడి, గబగబా తలుపు వైపు నడిచారు.

అనవలసిన మాటలన్నీ కోడలి నోట్లో సిద్ధంగా ఉన్నాయి. రేపటి నుంచి పాపను ఈయన దగ్గర వదిలేది లేదు. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. ఆ హెడ్‌ఫోన్లు చెత్తబుట్టలోకి పోవలసిందే. పెద్దంతరం చిన్నంతరం చూడకుండా ఇవాళ కడిగిపారేస్తుంది. ముందు పిల్లని ఎత్తుకోనీ.

గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకోగానే పాప ఏడుపు చెవులు చిల్లులు పడేలా బయటికి దూసుకొచ్చింది. వెనకాల పైవాటా ఆవిడ చెవులు మూసుకుంది. కోడలు మామగారిని తోసుకుని లోపలికి ఉరకబోయింది.

ఆయన చెయ్యి అడ్డుపెట్టి ఆపారు. పెదవుల మీద వేలు పెట్టుకుని, ముద్దుగా నవ్వుతూ అన్నారు: “ష్... మెల్లగా రా తల్లీ, పాప మంచి నిద్రలో ఉంది.”