ఒక్క కణం చాలు

“ఒక్కటి గూడ కలువలేదా మేడమ్?”

“లేదమ్మా,” అంది డాక్టరు సుచరిత. అండాలనూ వీర్యాన్నీ ఒకేచోట ఉంచినా ఏ అండమూ ఫలించలేదు. శోభ కళ్లు దించుకుంది.

“ఇంకొక్క దారి ఉంది. ఈసారి వాటంతట అవే కలుస్తాయని చూడం. ఒక్క వీర్యకణాన్ని పట్టి, సన్నటి సూదితో నేరుగా అండంలోకి ఎక్కిస్తాం. దాచిన వీర్యం కొంచెమే మిగిలింది. అయినా, అండానికి ఒక్క కణం చాలు.”

“చేయున్రి,” అంది శోభ వెంటనే.

పక్కనే ఉన్న అత్త సైదమ్మ లేచి సంచి అందుకుంది. నల్గొండ నుంచి కేతేపల్లికి తిరిగొస్తుంటే బస్సులో అంది: “ఇదే ఆఖరు. గిది గూడ కాకపోతే నేను ఇంకో పెండ్లి చేస్త. ఇప్పుడే చెప్తున్న.”

శోభ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

మళ్లీ పొట్ట మీద సూదులు, మళ్లీ స్కానింగులు. సూదితో కణాన్ని ఎక్కించిన అండాల్లో ఒకటి ఫలించింది. దాన్ని శోభ గర్భంలో పెట్టారు. ఆ రోజు నుంచి సైదమ్మ కోడలిని బిందె ఎత్తనివ్వలేదు. మేకల్ని తనే తోలుకుపోయేది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు శోభ పొట్ట మీద చెయ్యి వేసుకుని మాట్లాడేది.

“నీకు గూడ మీ బాపు లెక్కనే బుగ్గకు సొట్ట పడాలె, తెల్సిందా?”

రక్తపరీక్ష ఫలితం వచ్చే రోజు దవాఖానలో ఒక టీచరమ్మ కలిసింది. పేరు మంజులత. ఆమె కూడా పిల్లల కోసమే తిరుగుతోంది.

“మీ ఆయన రాలేదా?”

శోభ తల అడ్డంగా ఊపింది.

“మా ఆయన గూడ గంతే. ఎన్నడు రాడు. తిప్పలంతా మనకే,” అంది మంజులత.

ఇంతలో లోపలికి పిలిచారు. డాక్టరు కాగితం చూసి, కళ్లజోడు తీసింది.

“నిలువలేదు శోభా. దాచిన వీర్యం కూడా అయిపోయింది. ఇక నా చేతిలో ఏం లేదు.”

శోభ బయటికి వచ్చి బెంచీ మీద కూలబడింది. సైదమ్మ పక్కన కూర్చుంది. ఆమె గొంతు గట్టిగా ఉంది.

“ఇగ నా మాట వినాలె. ఆలేరు దిక్కు సంబంధం చూసిన. మంచోళ్లు.”

“వద్దత్తమ్మా. నీ కాళ్లు మొక్కుత.”

“నాది గాదు, నా కొడుకు బీరన్న మాటనే గిది. పిల్లలు కాకపోతే ఇంకో పెండ్లి చెయ్యమని నా చేతుల చెయ్యేసి జెప్పిండు.”

“నాతోని ఒక్క మాటన్న అనలేదు గదా!” శోభ కొంగు నోట్లో కుక్కుకుని కుమిలిపోయింది.

మంజులత ఇక ఊరుకోలేకపోయింది. లేచి వచ్చి సైదమ్మ ముందు నిలబడింది.

“పెద్దమ్మా, నీకు మనసున్నదా? ఇన్ని సూదులు పొడిపించుకున్న పిల్ల గిట్ల ఏడుస్తుంటే, గీమె ముందల్నే కొడుక్కు రెండో పెండ్లి ముచ్చటనా?”

సైదమ్మ తల ఎత్తి ఆమెను చూసింది. కోడలి తలను ఒడిలోకి తీసుకుంది.

“నా కొడుకు సచ్చిపోయిండమ్మా, పెండ్లి నా కోడలికి.”