వయ్యారిభామ పూసే కాలం

మూత తీసి, డబ్బాలోని పురుగుల్ని హైమ వేడి గంజిలోకి ఒంపేసింది. వీపు మీద నల్లచారలున్న చిన్న చిన్న పురుగులు. ఒకసారి కాళ్లాడించి తేలిపోయాయి. గంజి పెరటి మూల పారబోసి, గిన్నె తోమి బోర్లించింది.

ఆ డబ్బాని పొద్దున వ్యవసాయ శాఖలో పనిచేసే భారతి తెచ్చి ఇచ్చింది. నెల్లిమర్లలో హైమ వాళ్ల ఇంటి వెనక, రైలు పట్టాల దాకా ఖాళీ జాగా. వానలు పడ్డాయంటే అందులో నడుమెత్తున వయ్యారిభామ కలుపు లేస్తుంది. తెల్లటి పూత విచ్చుకుందంటే హైమ మొగుడు రాంబాబుకి ఉబ్బసం అందుకుంటుంది. కిరాణా కొట్టు మీద కూర్చోలేడు. మంచం మీద తలగడ పొట్టకి అదుముకుని పిల్లిలా గురగురలాడతాడు. రెండు మాటలు కలిపి అనలేడు.

"ఈ పురుగు వయ్యారిభామ తప్ప ఇంకో ఆకు ముట్టదక్కా. వంగ మొక్క మీద వదిలితే ఆకలితో చస్తుంది గానీ కొరకదు," అంది భారతి. "మీ చేత్తోనే వదలండి. మీ ఆయన కోసం కదా."

"అలాగేనమ్మా," అంది హైమ.

అత్తగారు సూర్యకాంతం అరుగు మీద నుంచే దండం పెట్టింది. "నీ కడుపు సల్లగుండ తల్లీ! నా కొడుకు ఊపిరి నిలబెట్టు."

హైమకి కావలసింది ఒక్కటే. ఆ మొక్కలు బతకాలి. ఆ పూత రాలకూడదు.

భారతి తన చేత్తో వదిలి వెళ్లిన పురుగులు మరికొన్ని ఉన్నాయి. హైమ రోజూ జాగాలోకి దిగి, ఆకు తిప్పి తిప్పి చూసి, పురుగుల్ని ఏరేది. ఆకు కింద పసుప్పచ్చటి గుడ్లుంటే గోటితో నలిపేది. వాన ఎగ్గొట్టిన రోజుల్లో బిందెతో నీళ్లు పోసేది.

పక్కింటి కూర్మమ్మ గోడ మీంచి చూసింది. "ఒసే, మల్లెపాదుక్కూడా ఇంత సేవ సెయ్యవు గదే! మీ ఆయన పేణం తీసే మొక్క అది."

"పురుగులకి తడి కావాలంట పిన్నీ."

"ఏటోనమ్మా! వానాకాలం వస్తే సాలు, ఆయనకి ఊపిరాడదు, నీకు ఒళ్లొస్తాది."

హైమ నవ్వింది. చేతుల నిండా ఆకుపచ్చ మట్టిగాజులు గలగలమన్నాయి.

"అదొకటి! మొగుడు లేచి తిరిగినన్నాళ్లూ బోడి సేతులు. ఆయన మంచమెక్కితే గాజులు. ఇదేటి ఇడ్డూరమే?"

హైమ బిందె ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

"పురుగులు... వదిలేవా?" మంచం మీద నుంచి రాంబాబు అడిగాడు.

"వదిలేనండి."

"తింటన్నాయా?"

"తింటన్నాయి."

ఇన్‌హేలర్ అతని చేతికి అందేలా జరిపింది. ఆయన పోవాలని ఆమె ఏనాడూ కోరుకోలేదు. లేవకుండా ఉంటే చాలు.

ఆ ఏడు హైమే గెలిచింది. జాగా అంతా తెల్లగా పూసింది. "ఇక్కడ పురుగు నిలవలేదేంటో," అని భారతి చిన్నబోయి వెళ్లింది. కార్తీకం దాటాక మొక్కలు ఎండాయి. రాంబాబు లేచి కొట్టుకెళ్లాడు. వేసవిలో హైమ బాత్రూంలో జారిపడి ఎడమచెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పేసరికి తొలకరి పడింది.

వయ్యారిభామ మళ్లీ మొలిచింది. హైమ బజారుకెళ్లి కొత్త గాజులు వేయించుకుంది.

మొక్క మోకాలెత్తు రాకుండానే ఆకులన్నీ జల్లెడలయ్యాయి. ఎక్కడ చూసినా నల్లచారల వీపులే.

"చలికాలం మట్టిలో దూరి పడుకున్నాయక్కా!" భారతి చప్పట్లు కొట్టింది. "తొలకరి తడికి లేచాయి. ఇక వీటినెవరూ ఆపలేరు."

హైమ ఏరింది. సరిగ్గా ముడుచుకోని చేత్తో కూడా ఏరింది. గిన్నెలు గిన్నెలు గంజి పారబోసింది. శ్రావణం వచ్చేసరికి జాగాలో మోడులు తప్ప మిగల్లేదు. ఒక్క పువ్వు పూయలేదు. రాంబాబు ఒక్కసారి దగ్గలేదు.

"నా కొడుకు మళ్లీ మునపట్లా అయ్యేడు," అని సూర్యకాంతం వీధివీధంతా చెప్పుకుంది.

ఆఫీసులో చూపించాలని, హైమనీ రాంబాబునీ మోడుల ముందు నిలబెట్టి భారతి ఫోటో తీసింది. "నవ్వండక్కా, మీ చలవే ఇదంతా!"

ఆ సాయంత్రం రాంబాబు కొట్టు నుంచి నడిచే వచ్చాడు. మెట్లెక్కినా ఆయాసం లేదు. భారతి పంపిన ఫోటో ఫోన్లో చూస్తూ హైమని గదిలోకి పిలిచాడు.

"నవ్వలేదేటే? నాకు నయమవడం నీకు ఇష్టం లేదేటి?"

అవతల సూర్యకాంతం టీవీ సౌండు పెంచింది.

రాంబాబు గుండెల నిండా ఊపిరి పీల్చి, తలుపు గడియ వేసి, నడుముకున్న బెల్టు లాగుతుంటే, హైమ ఎప్పటిలాగే, పగిలి గుచ్చుకోకుండా, గాజులు ఒక్కొక్కటే తీసి అలమారలో పెట్టింది.